మంగళవారం వంతు

ఒక పొరపాటు అచ్చులోకి ఎక్కింది. దానిని సరిదిద్దగలిగినవారిలో నేనే పెద్దవాడిని కనుక ఈ నాలుగు మాటలు వ్రాసి ఉంచడం నా విధి అనుకుంటున్నాను. రేపల్లెలో ఒక చిన్న కళాశాలలో నేను రసాయనశాస్త్రం బోధిస్తూ, వసతిగృహానికి వార్డెనుగా కూడా ఉండేవాడిని. ఆ కళాశాల పూర్వవిద్యార్థులు ఈ మధ్య ఒక జ్ఞాపకసంచిక వేశారు. అరవయ్యో దశకం చివర మా వసతిగృహ విద్యార్థులు ఒక్కసారిగా ఎక్కువమంది ఉత్తీర్ణులు కావడానికి నా క్రమశిక్షణే కారణమని, నేను వరండాలో నడుస్తుంటే పిచ్చుకలు సైతం నోరు మూసుకునేవని అందులో ఎవరో అభిమానంతో వ్రాశారు.

పిచ్చుకల సంగతి నాకు తెలియదు. క్రమశిక్షణ సంగతి మాత్రం సరికాదు. అంతకు ముందు సంవత్సరాలలోనూ నేను అంతే కఠినుడను. పాఠం అదే, గంట అదే, బెత్తంలాంటి నా గొంతు అదే. అప్పుడు తప్పిన పిల్లలు తరువాత ఎలా నెగ్గారు? మారినది ఒక్కటే, భోజనశాల. ఆ మార్పు కూడా నా చేతిమీదుగా పూర్తిగా జరగలేదు.

మా వసతిగృహంలో ఉన్నవారిలో చాలామంది తమ ఇంటి నుంచి కళాశాల మెట్లు ఎక్కిన మొదటివారు. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి, ఊరి చివరి పేటల నుంచి, వల, మగ్గం, కొడవలి తప్ప వేరే ఆస్తి లేని ఇళ్ల నుంచి వచ్చినవారు. వారికి ప్రభుత్వ ఉపకారవేతనం మంజూరయ్యేది. అయితే అది చేతికి వచ్చేసరికి పరీక్షలు ముగిసి, పరీక్షాపత్రాలు పొట్లాలు కట్టుకోవడానికి అంగళ్లకు చేరేవి. అంతవరకు బజారులోని బియ్యం వర్తకుడు నమ్మకం మీద సరకు ఇచ్చేవాడు. మాఘమాసం వచ్చేసరికి అతని నమ్మకం అయిపోయేది. భోజనశాల మూతపడేది. పిల్లలు, "నాలుగు రోజుల్లో వస్తామండీ" అని సంచులు భుజాన వేసుకుని ఇళ్లకు వెళ్లేవారు. తిరిగి పరీక్షలకే వచ్చేవారు. ప్రయోగశాల తరగతులు జరిగే కాలం సరిగ్గా అదే. గాజుగొట్టాన్ని సరిగా పట్టుకోవడం రానివాడు ప్రయోగ పరీక్షలో ఏమి చేయగలడు?

అలా తప్పినవారిలో ఒకడు నిజాంపట్నం వైపు పల్లె నుంచి వచ్చిన మత్స్యకారుల బిడ్డ. తోటివారు అతనిని, పడవ నడిపేవాడని, 'సరంగు' అనేవారు. నేనూ అలాగే పిలుస్తాను. తండ్రి లేడు. తల్లి రేపల్లె సంతలో ఎండుచేపలు అమ్మేది. భోజనశాల మూతపడిన ఏడు అతడు మేనమామ పడవలో వేటకు వెళ్లి, ప్రయోగ పరీక్ష నాటికి చేతులకు ఉప్పు పుండ్లతో వచ్చి, తప్పాడు. మరుసటి ఏడు తరగతులు మొదలైన రోజున నా గది ముందు నిలబడ్డాడు.

"మళ్లీ వచ్చావా?" అన్నాను.

"మా మావయ్య ఇంకొక్క ఏడు వదిలాడండి. ఈసారి పోతే పడవేనండి. ఆ పడవలో నాకు కొత్త తెడ్డు కూడా చేయించి పెట్టాడండి, నమ్మకంతో."

"ఎవరి మీద నమ్మకం?"

"నా మీదేనండి. తప్పుతానని."

నవ్వకూడదని నేను ముక్కు తుడుచుకున్నాను. ఆ ఏడు మాఘమాసంలో భోజనశాల తెరిచి ఉంటుందా ఉండదా అన్నదే అతని బి.ఎస్సీ.కి, ఆ తెడ్డుకు మధ్య ఉన్న తేడా అని ఇద్దరికీ తెలుసు.

మా పాలకవర్గ అధ్యక్షులు చెరుకుపల్లి దగ్గర పెద్ద కమతం ఉన్న రైతు. చుట్టుపక్కల అందరూ ఆయనను కామందుగారు అనేవారు. మనసు మంచిది, గొంతు పెద్దది. ఆ సంవత్సరం ఆయన రైతులందరినీ కూడగట్టి కళాశాల ముందు సిమెంటు కమాను కట్టించే ప్రయత్నంలో ఉన్నారు. నేను వారింటికి వెళ్లి, కమాను ఒక ఏడు ఆగినా కళాశాలకు నష్టం లేదని, భోజనశాల ఆగితే పిల్లలు ఆగిపోతారని, విషయాన్ని మూడు భాగాలుగా విభజించి వివరించాను. ఆయన ఓపికగా విని, మజ్జిగ తెప్పించి, అన్నారు:

"మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. కానీ ఒక్క సంగతి చెప్పండి. కమాను కడితే రాయి మీద పేరు చెక్కిస్తాం. గది కడితే గోడకి రాయి వేయిస్తాం. తిన్న అన్నానికి రాయి ఎక్కడ వేయిస్తారండీ? పిల్లాడి పొట్ట మీదా?"

అక్కడ ఉన్న రైతులందరూ పకపక నవ్వారు. నేను మజ్జిగ త్రాగి వచ్చేశాను. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానధర్మాలలో మావారికి లోభం లేదు. ఇచ్చినది కనబడకపోవడమే వారికి బాధ. దానిని తప్పు అనడం సులభం. ఉపయోగించుకోవడమే కష్టం.

దారి సంగం జాగర్లమూడిలో ఒక పెండ్లిలో దొరికింది. మా బంధువుల పెండ్లి. పందిట్లో చదివింపులు సాగుతున్నాయి. వచ్చినవారు ఇచ్చిన కానుకను, ఇచ్చినవారి పేరును, ఊరును ఒకాయన బిగ్గరగా చదువుతున్నాడు. వియ్యాలవారి వైపు నుంచి వచ్చిన మా అధ్యక్షులు ముందు వరుసలో కూర్చున్నారు. "చెరుకుపల్లి కామందుగారు ఇత్తడి గంగాళం ఒకటి!" అని వినబడగానే ఆయన మొహం వెలిగింది. ఏదో సందడిలో సరిగా వినబడలేదని రెండవసారి చదివించారు. ఆ గంగాళం మీద రాయి లేదు, చెక్కడం లేదు. గాలిలో ఒక్క కేక. అంతటితో ఆయన తృప్తిగా ఆకు ముందు కూర్చున్నారు.

ఆ పంక్తిలోనే ఆయన ప్రక్కన కూర్చుని నా ప్రతిపాదన చెప్పాను. ఒక్కొక్క ఇంటివారు వారంలో ఒక రోజు వంతు తీసుకుని బియ్యం, పప్పు పంపాలి. ఆ రోజు భోజనానికి ముందు పిల్లలందరి ఎదుట వారి పేరు, ఊరు చదువుతాం. అయితే ఒక నియమం. పేరు వినదలచినవారు వచ్చి, పిల్లలతోపాటు అదే పంక్తిలో, అదే అన్నం తినాలి. నిలబడి చూసి పోవడం కుదరదు. భోజనవేళ మా శాలలో ఎవరూ నిలబడి ఉండకూడదన్నది అంతకు ముందు నుంచీ ఉన్న నిబంధన.

ఆయన అప్పడం విరుస్తూ ఆలోచించారు. "మైకు పెడతారా?"

"అవసరం లేదండి. మా దగ్గర పడవ నుంచి పడవకు కేకవేసే గొంతు ఒకటి ఉంది."

ఆ గొంతు సరంగుదని వేరే చెప్పనక్కరలేదు. మొదటి సోమవారం మా అధ్యక్షుల వంతు. వరుసలన్నీ కూర్చున్న తరువాత అతడు లేచి, ఛాతీ నిండా గాలి తీసుకుని, "ఈ పూట అన్నం, పప్పు, గోంగూర పచ్చడి, చెరుకుపల్లి కామందుగారివి!" అన్నాడు. వంటశాలలో మూత క్రింద పడింది. వీధిలో రిక్షా ఆగిందని తరువాత చెప్పారు. అధ్యక్షులు ప్రక్కనున్న విద్యార్థిని తట్టి, "ఇంకోసారి అనమను, మా బావమరిది ఇప్పుడే లోపలికి వస్తున్నాడు" అన్నారు.

సోమవారం రాత్రి నేను చాలా ప్రసన్నంగా నిద్రపోయాను. వారం రోజుల వంతుల పట్టికను నా చేతితోనే ఎర్ర సిరాతో గీతలు గీసి, నల్ల సిరాతో అక్షరాలు నింపి, భోజనశాల గోడకు అంటించాను. అందరి ఇళ్లకూ వెళ్లి అడిగాను. అందరూ "అలాగేనండి" అన్నారు. మరునాడు మంగళవారం. పొద్దెక్కినా బండి రాలేదు. మధ్యాహ్నమైనా రాలేదు. మా వంటాయన అంగలకుదురు మనిషి. పెండ్లి వంటలలో ఆరితేరి, వయసు మళ్లాక మా దగ్గర చేరినవాడు. పిల్లలందరికీ బాబాయి. ఆయన పొయ్యి ముందు కూర్చుని విసనకర్రతో తనకు తాను విసురుకుంటున్నాడు.

"బియ్యం రాలేదేం?" అన్నాను.

"మంగళారం కదండీ."

"అయితే?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మంగళారం, శుక్రారం ఇంట్లోంచి బియ్యం బయటికి పంపుతారా అండీ ఎవరన్నా? లచ్చిం వెళ్లిపోదూ?"

"ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఎర్ర సిరాతో గీతలు కొట్టి మరీ రాశారు కదండీ. పెద్దవాళ్లు ఏదో ఆలోచించే రాసుంటారనుకున్నా."

ఆ నియమం నాకు తెలియనిది కాదు. మా అమ్మ కూడా శుక్రవారం ఇరుగుపొరుగుకు చేబదులుగా చేటెడు బియ్యం ఇచ్చేది కాదు. పట్టిక గీసేటప్పుడు నాకు వారానికి ఏడు రోజులు కనబడ్డాయి. మావారికి మాత్రం ఎప్పుడూ అయిదే. మంగళవారానికి ఒప్పుకున్న రైతును సాయంత్రం బజారులో పట్టుకున్నాను.

"కుదరదని అప్పుడే చెప్పవచ్చు కదండీ?"

"ఇంటికొచ్చి మాస్టారు అడిగితే కాదంటామా అండీ, బాగోదు కదా!"

"పోనీ, సోమవారమే పంపండి. మంగళవారం వండుకుంటాం."

"తెచ్చేది సోమారమైనా చదివేది మంగళారమే కదండీ. చదివితే ఇచ్చినట్టే. మా ఆవిడ ఒప్పుకోదు. ఆదివారం రాసుకోండి, రెండు వంతులు ఇస్తా."

ఆదివారానికి అప్పటికే నలుగురు పోటీలో ఉన్నారు. వర్తకుని అరువు ఆ ఏడు ముందే ఆగిపోయింది కనుక ఆ మంగళవారం పిల్లలు చిలగడదుంపలు తిన్నారు. శుక్రవారమూ అంతే. క్రమం మీద నాకున్న ప్రీతి ఇంకొక విధంగా కూడా ఎదురుతిరిగింది. ప్రయోగశాల తరగతులను నేను ఆ రెండు రోజుల మధ్యాహ్నాలకే అమర్చి ఉంచాను. ఖాళీ కడుపులతో పిల్లలు ఆమ్లపు సీసాల ముందు నిలబడి ఆవలిస్తున్నారు. మూడవ వారానికి, సోమవారం భోజనం కాగానే కొందరు ఇళ్లకు బయలుదేరి శనివారం తిరిగి వస్తున్నారు. ఒక శుక్రవారం సరంగు కూడా సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర కనిపించాడు.

"నువ్వెక్కడికి?"

"మా అమ్మ దగ్గరికండి. సంతలో. రేపు పొద్దున్నే వస్తానండి."

"ఈ మధ్యాహ్నం ప్రయోగం ఉంది."

"ఉందండి," అన్నాడు. కాలు మాత్రం గేటు అవతలే ఉంది.

కళాశాలకు ఎదురుగా చిన్న గదిలో కుట్టుమిషను పెట్టుకున్న సాయిబుగారు ఒకరు ఉండేవారు. ఆయన కూతురు మా కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్నది. వారి బంధువర్గంలో అంతవరకు చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. మా సంభాషణ విని ఆయన మిషను ఆపి, కత్తెర చేత్తోనే రోడ్డు దాటి వచ్చారు.

"మాస్టారూ, శుక్రారం నాడు పిల్లలు సంచులేసుకుని పోతున్నారు, ఏంటండీ కథ?"

చెప్పాను. ఆయన కత్తెర ఆడించడం ఆపేశారు.

"అరె! శుక్రారం ఎవరూ ఇవ్వరా? మాకు ఇవ్వడానికి అదే మంచి రోజండీ! జుమ్మా కదా! మా వీధిలో ఓ డజను ఇళ్లున్నాయి. మా వంతు రాయండి. ఎర్ర సిరాతో రాయండి, ఫర్వాలేదు." తరువాత సరంగు వైపు తిరిగి, "ఏం బాబూ, దోసకాయ పప్పు తింటావా, లోపలికి పోతావా?" అన్నారు.

"ముందు లోపలికి పోతానండి, తరవాత తింటానండి," అని సరంగు వెనక్కు తిరిగాడు.

శుక్రవారం ఆ విధంగా కుదిరింది. ఈ సంగతి పేటలకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మా విద్యార్థులలో ఒకని తల్లి, పొడవైన మనిషి, మాట నిటారైనది, మరుసటి మంగళవారం నాలుగు కుండలతో, నలుగురు స్త్రీలతో వంటశాల గుమ్మంలో దిగింది. వారి ప్రార్థనామందిరంలో ఒక అలవాటు ఉన్నది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారి, బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆ గుప్పెళ్లన్నీ చేర్చి మందిరానికి ఇస్తారు.

"మా మందిరం అయ్యవారిని అడిగామండి," అన్నది ఆమె. "పిల్లల నోట్లోకి పోయినా దేవుడికి పోయినట్టే అన్నాడండి. మంగళారం మాదండి ఇకనించి."

వంటాయన కుండలో చెయ్యి పెట్టి చూశాడు. పది ఇళ్ల బియ్యం. సన్నవి, ముతకవి, కొత్తవి, పాతవి అన్నీ కలిసి ఉన్నాయి. "ఒక్కో గింజకీ ఒక్కో ఎసరు పెట్టాలి గదమ్మా దీనికి!" అన్నాడు.

"నీకు చేతకాకపోతే లే బాబాయ్, మేం వండుతాం."

ఆయన లేవలేదు.

నాకు వేరే ఆలోచన పట్టుకుంది. ఆ రోజు, అప్పటికే లేచిన రెండు స్తంభాల మీద కమానుకు కొలతలు వేయించడానికి అధ్యక్షులు తాపీమేస్త్రీతో వచ్చి ఉన్నారు. భోజనాల గంట కొట్టే సమయానికి ఎండకు తలపాగాతో విసురుకుంటూ సరాసరి శాలలోకి వచ్చారు. ఆ కాలం ఎలాంటిదో ఎరిగినవారికి నా ఆందోళన తెలుస్తుంది. ఆయన పొలాలలో నాట్లు వేసేవారు ఆ స్త్రీలే. వారి కుండలోని అన్నం ఆయన ముట్టుకున్న సందర్భం నాకు తెలిసి లేదు. నిలబడి చూడకూడదన్న నిబంధన నాది. ఆయన ఇంటికి వెళ్లిపోతే పంక్తిలోని పిల్లలందరికీ అర్థమవుతుంది. ఆ తరువాత మంగళవారం ఎవరిదీ కాకుండా పోతుంది. నేను గోడకు అంటించిన పట్టిక వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పటికి నా నిబంధనను నేనే ఉల్లంఘిస్తున్నానని కూడా గమనించలేదు.

సరంగు లేచాడు. ఆ రోజు గొంతు ఇంకొంచెం పెంచాడనే నా అభిప్రాయం. "ఈ పూట అన్నం, చింతకాయ పచ్చడి, పేట అమ్మలవి!" అని, ఊరుకోకుండా, గుమ్మంలో ఉన్న నలుగురి పేర్లూ ఒక్కొక్కటే చదివాడు. తమ పేరు ఒక శాలలో, అంతమంది చదువుకునేవాళ్ల మధ్య, గట్టిగా వినబడడం వారికి కొత్త. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొడవైన ఆమె మాత్రం అధ్యక్షులనే చూస్తున్నది.

"కామందుగారు కూర్చుంటారా, ఎండన పడి పోతారా?"

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి ఆకులను చూశారు. తరువాత తలపాగా మడిచి చంకన పెట్టుకుని, సరంగు ప్రక్కన చతికిలబడ్డారు.

"కూర్చోకపోతే మీ వార్డెనుగారు బెంచీ ఎక్కించేట్టున్నాడు," అన్నారు. ఒక ముద్ద తిన్నారు. ఇంకొక ముద్ద తిన్నారు. "బియ్యం బాగున్నాయే! మా చేనివేనా?"

"మీ చేనివో ఎవరి చేనివో, నాటింది మేమే కదండీ," అన్నది ఆమె. "అందుకే బాగున్నాయి."

అందరికన్నా ముందు నవ్వింది ఆయనే. పచ్చడి రెండవసారి వేయించుకున్నారు. ఇంటికి వెళ్లాక ఏమి జరిగిందో నాకు తెలియదు. వారింటి పెద్దావిడ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదని వంటాయన చెప్పేవాడు కాని, అతని మాటలలో ఉప్పుకారాలు ఎక్కువ. ఆ తరువాత కూడా అధ్యక్షులు మంగళవారాలలో వచ్చారన్నది మాత్రం నేను చూసిన విషయం. కమాను పని ఆ ఏటికి ఆపించి, దానికోసం కూడగట్టిన డబ్బుతో వంటశాల కప్పుకు రేకులు వేయించారు. రాయి వేయించమంటారా అని నేనే అడిగాను. "రోజూ చదువుతున్నారుగా, మళ్లీ రాయెందుకండీ?" అన్నారు. కమాను లేని రెండు స్తంభాలు గేటుకు రెండు ప్రక్కలా చాలాకాలం అలాగే నిలిచి ఉన్నాయి.

మాఘం వచ్చింది, వెళ్లింది. భోజనశాల మూతపడలేదు. ఎవరూ సంచి సర్దుకోలేదు. నేను చెప్పిన పాఠాలు పాతవే. వినేవారు మాత్రం ఆ ఏడు చివరి పాఠం వరకు ఉన్నారు.

ప్రయోగ పరీక్షలకు మా పిల్లలు బాపట్లకు వెళ్లవలసి వచ్చేది. రేపల్లెలో రైలు ఎక్కి, తెనాలిలో మారాలి. తెనాలి స్టేషనులో బండి కోసం కాచుకుని ఉండగా వంటాయన కట్టి ఇచ్చిన పులిహోర పొట్లాలు విప్పారు. నేను వద్దనేలోగా సరంగు బల్ల మీద నిలబడి, "ఈ పూట పులిహోర, రేపల్లె దర్జీ వీధి సాయిబుగారిది!" అని కేకవేశాడు. ప్లాట్‌ఫారం మీద టీ త్రాగుతున్న ఒక పెద్దమనిషి వచ్చి, "ఎవరి పెళ్లి బాబూ?" అని నన్నే అడిగాడు. నేను గడియారం చూసుకున్నాను. బాపట్లలో సరంగు చేతిలోని గాజుగొట్టం వణకలేదు. ద్రావణం సరైన చోట గులాబీరంగుకు తిరగగానే ఆపేశాడు. గుమ్మం బయట నుంచి నాకు కనబడినంత మేరకు అంతే.

ఫలితాలు వేసిన పత్రిక తెనాలి నుంచి పొద్దుటి బండిలో వచ్చింది. స్టేషనులోనే విప్పి అంకెలు చూసుకున్న సరంగు ఎవరికీ ఏమీ చెప్పకుండా సంతకు నడిచాడు. నేను వెనుకనే వెళ్లాను. అలా వెళ్లడం నా స్వభావం కాదు. అతని తల్లి ఎండుచేపల గంపల మధ్య కూర్చుని ఎవరితోనో బేరమాడుతున్నది. అతడు కొంత దూరంలోనే ఆగి, రెండు చేతులు నోటి ప్రక్కన పెట్టి, సంత అంతా వినేటట్లు అందుకున్నాడు:

"చెరుకుపల్లి కామందుగారి సోమవారం! పేట అమ్మల మంగళవారం! సాయిబుగారి శుక్రవారం! బాబాయి పులిహోర! వార్డెనుగారి తిట్లు! అన్నీ కలిపి నీ కొడుక్కి బి.ఎస్సీ.!"

బేరం ఆగిపోయింది. తల్లి చెయ్యి గంపలోనే ఉండిపోయింది.

"అంటే పాసయ్యావా?"

"పాసేనే అమ్మా!"

"ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా, సచ్చినోడా! ఇంతమంది పేర్లు చదివేసరికి ఏమైందో అని గుండాగిపోయింది." కళ్లు తుడుచుకుని, ప్రక్కవారితో గొంతు పెంచి అన్నది: "మావాడే. మా అన్నకి కబురెట్టాలి, ఆ తెడ్డు ఎవరికన్నా అమ్ముకోమని."

డెబ్బయ్యో దశకంలో ఉపకారవేతనాలు కొంత ముందుగానే రావడం మొదలైంది. వంతులు క్రమంగా అవసరం లేకుండా పోయాయి. నేను దానికి సంతోషించాను. అన్నం కోసం ఎవరి పేరూ చదవనక్కరలేని రోజే మంచి రోజు. అయినా మొదటి కొన్ని మంగళవారాలలో శాల మరీ నిశ్శబ్దంగా ఉన్నట్లు తోచింది.

నా జ్ఞాపకం ఇంతవరకే. వయసు మీదపడి కొన్ని వివరాలు తారుమారై ఉండవచ్చు. సాయిబుగారు మొదట తెచ్చినది దోసకాయ పప్పా, మామిడికాయ పప్పా అన్నదానిలో నాకే అనుమానం. పేట నుంచి వచ్చిన స్త్రీలు నలుగురా అయిదుగురా అన్నదీ నిశ్చయంగా చెప్పలేను. అయిదవ ఆమె ఉండి, ఆమె పేరు ఆనాడు చదవకుండా మిగిలిపోయి ఉంటే అది పెద్ద లోపం. ఆ పంక్తిలో కూర్చున్నవారు, వారి పిల్లలు దీనిని చదివితే, ఎక్కడ పొరబడ్డానో దయతో, నిర్మొహమాటంగా తెలియజేయవలసిందని ప్రార్థన. జ్ఞాపకసంచికలో వ్రాసినదానిని నేను దిద్దినట్లే, నేను వ్రాసినదానిని మీరు దిద్దండి. ఎర్ర సిరాతోనైనా సరే.